స్లాషర్ ఎంత వెడల్పుండాలి?

ప్రశ్న: మాకు ఆరెకరాల బత్తాయి తోట ఉంది. ఆరు మీటర్ల ఎడంలో నాటాం, చెట్లు కాపుకొచ్చాయి. 24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్ ఉంది. ఇన్నాళ్లూ సాళ్ల మధ్య రోటవేటర్ వేశాం. వేళ్లు తెగుతున్నాయని ఈ ఏడాది రోటరీ స్లాషర్ కొందామనుకుంటున్నాం. నాలుగడుగులది చాలనుకుంటే, ఐదడుగులదైతే పని తొందరగా తెములుతుందని డీలర్ అంటున్నాడు. ఏది తీసుకోమంటారు?
– ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: నాలుగడుగులదే తీసుకోండి. ఐదడుగుల దానికి పెట్టే అదనపు డబ్బు మీ తోటలో ఒక్క గంట కూడా మిగల్చకపోవచ్చు. ఎందుకో మీరే చూడండి. టేపు పట్టుకుని తోటలోకి వెళ్లి, ఒక సాలు కొమ్మ చివర నుంచి ఎదుటి సాలు కొమ్మ చివరి దాకా కొలవండి. ఆరు మీటర్ల ఎడంలో గుబురుగా పెరిగిన బత్తాయి చెట్ల మధ్య ట్రాక్టర్‌కు దారి మహా అయితే రెండు, రెండుంపావు మీటర్లు మిగులుతుంది. నాలుగడుగుల స్లాషర్ ఒకసారికి 1.2 మీటర్లు కోస్తుంది. వెళ్లి వస్తే ఆ సాలు అయిపోయింది. ఐదడుగులది 1.5 మీటర్లు కోస్తుంది. దానితోనూ వెళ్లి రావలసిందే. పైగా పక్కలకు పొడుచుకొచ్చి కిందికి వాలిన కొమ్మల్ని, కాయల్ని రాలగొడుతుంది.

ఇక ట్రాక్టర్ బలం సంగతి. 24 హెచ్‌పీ అన్నది ఇంజిన్ లెక్క. పీటీఓ దగ్గరికి వచ్చేసరికి 20, 21 మిగులుతుంది. స్లాషర్‌ను తిప్పేది అదే కాబట్టి లెక్క అక్కడే చూసుకోవాలి. వానాకాలపు మోకాలెత్తు గడ్డికి అడుగు వెడల్పుకు నాలుగైదు హెచ్‌పీ వేసుకోవచ్చు. నాలుగడుగులైతే మీ బండికి సరిగ్గా సరిపోతుంది. ఐదడుగులదాన్ని వేసవిలో ఎండు గడ్డి మీద లాగేస్తుంది. ఆగస్టులో తడి గడ్డి దగ్గర ఇంజిన్ మూలుగుతుంది, బ్లేడు వేగం పడిపోతుంది, గడ్డి తెగకుండా నలిగి పడుకుంటుంది. డీలర్ షోరూమ్ ముందు ఖాళీగా తిప్పి చూపిస్తే ఇదేమీ తెలియదు. వీలైతే మీ తోటలోనే, గడ్డి బాగా ఉన్న సాలులో వేయించి చూడండి.

కొనేముందు వెనక టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలవండి. స్లాషర్ అంతకన్నా ఇరుగ్గా ఉంటే టైరు తొక్కిన గడ్డి కోతకు అందక అలాగే మిగిలిపోతుంది. నాలుగడుగులు దాటితే టైర్ల ఎడం తగ్గించుకునే వీలుందేమో అడగండి. ఇంకొకటి, బరువు. లిఫ్టు ఇన్ని కిలోలు ఎత్తుతుందని పుస్తకంలో రాసేది లింకు చివర దగ్గరి లెక్క. స్లాషర్ బరువంతా దానికి ఇంకా వెనక వేలాడుతుంది. పైకెత్తినప్పుడు ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు. ముందు బరువులు పెట్టించుకోవాలి. వెనక చిన్న చక్రం ఉన్న స్లాషర్ అయితే కోత ఎత్తు కూడా సమంగా నిలబడుతుంది.

రోటవేటర్ మానుతున్నందుకు మాత్రం నాకు చాలా సంతోషంగా ఉంది. బత్తాయికి తిండి లాగే సన్నటి వేళ్లు పైపైనే ఉంటాయి. ఏటా వాటిని తెంచుతుంటే చెట్టు నీరసిస్తుంది, తెగిన చోటు నుంచి వేరుకుళ్లు దూరుతుంది. స్లాషర్ కోసిన గడ్డిని బయట పారేయకండి, పాదుల్లోకి ఎగదోయండి. మొదలుకు మాత్రం ఆనకుండా ఒక అడుగు వదిలేయండి. డ్రిప్ లేటరళ్లను చెట్ల వరుసలోకి జరిపాకే బండి దింపండి. ఒక పైపు బ్లేడుకు చుట్టుకుంటే పక్క చెట్ల పైపులనూ లాక్కొస్తుంది.

ప్రశ్న: మాది పాత ట్రాక్టర్, సింగిల్ క్లచ్. సెకండ్ హ్యాండ్‌లో స్లాషర్ కొన్నాం. క్లచ్ తొక్కినా బండి ఆగకుండా ముందుకు నెట్టుకుపోతోంది. బ్రేకుల లోపమా?
– మామిడి రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: బ్రేకులు ఒకసారి చూపించండి, కానీ మీరు చెప్పిన తీరు వేరే కారణాన్ని చూపిస్తోంది. తిరిగే బ్లేడ్లలో చాలా ఊపు ఉంటుంది. సింగిల్ క్లచ్ బండిలో క్లచ్ తొక్కితే ఇంజిన్ విడిపోతుంది కానీ పీటీఓ, చక్రాలు గేర్ల ద్వారా కలిసే ఉంటాయి. బ్లేడ్ల ఊపు వెనక నుంచి గేర్లలోకి వచ్చి చక్రాల్ని తిప్పుతుంది. గట్టు దగ్గరో, బావి దగ్గరో ఇలా జరిగితే ప్రాణాల మీదికి వస్తుంది. పీటీఓకు, షాఫ్టుకు మధ్య ఓవర్‌రన్నింగ్ క్లచ్ అనే చిన్న భాగం బిగిస్తే, బలం ట్రాక్టర్ నుంచి స్లాషర్‌కే వెళ్తుంది, తిరిగి రాదు. అది బిగించే దాకా స్లాషర్ నడపకండి.

ఆ భాగం పెట్టాక షాఫ్టు పొడవు మళ్లీ సరిచూడాలి. స్లాషర్‌ను పూర్తిగా ఎత్తి, దించి చూడండి. ఏ స్థితిలోనూ లోపలి గొట్టం చివరికి ఆనకూడదు, బయటికి జారిపోనూ కూడదు. పాత స్లాషర్ అంటున్నారు కనుక గేర్‌బాక్సులో ఆయిల్ మట్టం కూడా చూడండి.

ప్రశ్న: బ్లేడ్లు బిగింపుగా ఉన్నవి మంచివా, ఊగేవి మంచివా? మా చేను రాళ్ల నేల.
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: ఊగేవి. రాయి తగిలితే బ్లేడు వెనక్కి ముడుచుకుంటుంది, దెబ్బ గేర్‌బాక్సు దాకా పోదు. షాఫ్టుకు షేర్ బోల్టు కూడా ఉండాలి. అది తెగినప్పుడు చేతికి దొరికిన గట్టి బోల్టు వేయకండి, తెగడానికే అది ఉంది. బ్లేడు మార్చేటప్పుడు జత మొత్తం మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి అరిగినది అయితే అదురు పుట్టి బేరింగులు పోతాయి.

ప్రశ్న: నాన్న స్లాషర్ వేస్తుంటే మా అబ్బాయి మడ్‌గార్డు మీద కూర్చుంటాడు. వద్దంటే ‘నెమ్మదిగానే పోతాంలే’ అంటారు. మీరైనా చెప్పండి.
– ఒక గృహిణి, కృష్ణా జిల్లా

జవాబు: అమ్మా, ఈ జవాబు మీ నాన్నగారికి చదివి వినిపించండి. అయ్యా, బండి నెమ్మదిగా పోయినా బ్లేడు నెమ్మదిగా తిరగదు. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరిగితే, గేర్‌బాక్సు దాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తే, నాలుగడుగుల స్లాషర్‌లో బ్లేడు కొస గంటకు 180 కిలోమీటర్ల వేగం దాటుతుంది. దాని కింద పడిన గులకరాయి ఎటు లేస్తుందో ఎవరూ చెప్పలేరు. అన్నిటికన్నా భయం బాబు పట్టు తప్పి జారడం. వెనకే స్లాషర్ ఉంటుంది. మీరు బ్రేకు మీద కాలు పెట్టే లోపే అంతా అయిపోతుంది. డ్రైవర్ తప్ప బండి మీద ఇంకెవరూ ఉండకూడదు, చేలో చుట్టుపక్కల మనుషులు గానీ గొడ్లు గానీ తిరగకూడదు.

స్లాషర్ ముందూ వెనకా గొలుసుల తెర ఉందో లేదో చూసుకోండి. జాయింట్ షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు పగిలితే వెంటనే కొత్తది వేయించండి. తువ్వాలు కొసో, పంచె అంచో దానికి చుట్టుకుంటే మనిషిని లాగేస్తుంది. గడ్డి చుట్టుకున్నా సరే, పీటీఓ తప్పించి, ఇంజిన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, బ్లేడ్లు పూర్తిగా నిలిచాకే దిగి చూడండి. ఎత్తిన స్లాషర్ కిందికి దూరాల్సి వస్తే లిఫ్టును నమ్మకండి, దుంగలు పెట్టాకే చెయ్యి పెట్టండి.

ప్రశ్న: స్లాషర్ వేస్తే తుంగ పోతుందా?
– ఒక రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: పోదు. దాని బలం భూమిలోని గడ్డల్లో ఉంటుంది, పైన కోస్తే మళ్లీ లేస్తుంది. వయ్యారిభామకు మాత్రం స్లాషర్ పనికొస్తుంది. పూత రాకముందే కోయాలి, కాండం మళ్లీ చిగురిస్తుంది కాబట్టి ఒక్క కోతతో వదలకూడదు. కోసేటప్పుడు ముక్కుకు గుడ్డ, ఒంటికి పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి.