బాత్రూమ్ రేడియేటర్ కారుతోందా చెల్లీ?

చలి మొదలైందంటే చాలు, ఇంగ్లండ్‌లో కాపురముంటున్న మన చెల్లెళ్ళ దగ్గర్నుంచి ఈ మాట వింటూనే ఉంటాను: "అక్కా, బాత్రూమ్ రేడియేటర్ వాల్వ్ దగ్గర బొట్లు పడుతున్నాయి. ముట్టుకుంటే ఇంకేమవుతుందోనని భయం. కింద గిన్నె పెట్టి ఊరుకున్నా."

గిన్నె పెట్టావు, మంచిదే. కానీ ఊరుకోకు తల్లీ. మన ఊళ్ళో కుళాయి కారితే పోయేవి నీళ్ళే. రేడియేటర్ సంగతి వేరు. బాయిలర్ దగ్గర వేడెక్కిన నీళ్ళు ఇల్లంతా తిరిగి మళ్ళీ అక్కడికే చేరతాయి. ఏళ్ళ తరబడి అవే నీళ్ళు. తుప్పు పట్టకుండా వాటిలో మందు కూడా కలుపుతారు. బొట్టు బొట్టుగా కారిపోతుంటే బాయిలర్ మీద ప్రెషర్ ముల్లు పడిపోతుంది. హీటింగ్ ఆగి నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు అది మామూలుగా 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. పడినప్పుడల్లా మనం కొత్త నీళ్ళు ఎక్కిస్తాం. వాటితోపాటు ఆక్సిజనూ వస్తుంది, మందూ పలచబడుతుంది, ఇనుముని తుప్పు లోపల్నుంచి తినేస్తుంది. నేల మీద కనిపించే తడి కంటే కనిపించని ఆ తుప్పే పెద్ద నష్టం.

అందుకని ముందు హీటింగ్ ఆపేసి, చల్లారనివ్వు. కింద పాత తువ్వాలు పరుచు. ఆ నీళ్ళు నల్లగా ఉంటాయి, మరక పడితే ఓ పట్టాన పోదు. వాల్వ్‌ని పొడిగా తుడిచి, ఒక్కో నట్టుకీ విడిగా టిష్యూ చుట్టు. బొట్టు పడేచోటే లీకు ఉందనుకోకు, నీళ్ళు పైనుంచి జారి కింద కారతాయి. అన్నిటికంటే పైన ఏ టిష్యూ తడిసిందో చూడు, లీకు అక్కడే.

చేత్తో తిప్పే వాల్వ్ అయితే చాలాసార్లు ఆ లీకు టోపీ కింది నుంచే వస్తుంది. ప్లాస్టిక్ టోపీ తీస్తే సన్నటి కడ్డీ, దాని చుట్టూ చిన్న నట్టు కనిపిస్తాయి. దాన్నే గ్లాండ్ నట్ అంటారు. పానాతో కుడివైపుకి రవ్వంత తిప్పి, మళ్ళీ టిష్యూ పెట్టి చూడు. ఎక్కువసార్లు ఇంతటితోనే ఆగిపోతుంది.

పైపు దగ్గరో, రేడియేటర్ దగ్గరో ఉన్న పెద్ద నట్టు కారుతుంటే రెండు పానాలు కావాలి. ఒకదానితో వాల్వ్ కదలకుండా పట్టుకుని, రెండోదానితో నట్టు కొద్దిగా బిగించు. బలం చూపించకు. పైపు నట్టు లోపల ఆలివ్ అనే ఇత్తడి ఉంగరం ఉంటుంది, అది మరీ నలిగితే లీకు ఇంకా పెరుగుతుంది. ఇలా బిగించినా ఆగకపోయినా, గది వేడిని బట్టి దానంతటదే తెరుచుకుని మూసుకునే అంకెల వాల్వ్ లోపల్నుంచి కారుతున్నా అక్కడితో ఆపేసి ప్లంబర్‌ని పిలువు. పని అయ్యాక ప్రెషర్ ముల్లు ఒకసారి చూసుకో.

అద్దె ఇల్లయితే పానా పట్టకముందే ఇంటి ఓనరుకి ఫొటోతో సహా మెసేజ్ పెట్టు. "చిన్న లీకుకే ఫిర్యాదా, ఏమనుకుంటారో" అని మొహమాటపడకు. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇళ్ళకి 1985 నాటి లాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం, 11వ సెక్షన్ వర్తిస్తుంది. హీటింగ్ ఏర్పాట్లు బాగు చేయించాల్సిన బాధ్యత ఓనరుదేనని అందులో ఉంది. నువ్వు అడిగేది దయ కాదు, నీకు రావాల్సిందే.

ఇక గ్యాస్ బాయిలర్ మూత విప్పే పని ఎవరికీ వద్దు, మీ ఆయనకి కూడా. గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్ళే దాన్ని ముట్టుకోవాలి. వచ్చినవాళ్ళని కార్డు చూపించమని ధైర్యంగా అడుగు, అందులో తప్పేం లేదు.

కొత్త దేశంలో ఇంటి వస్తువులంటే మనకుండే భయం చాలావరకు తెలియకపోవడం వల్ల వచ్చిందే. ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా గిన్నె వైపు చూస్తూ కూర్చోవాల్సిన అవసరం నీకు లేదమ్మా. ఈ శనివారం బాయిలర్ ముల్లు ఎక్కడుందో, ఇంటికొచ్చే నీళ్ళు ఆపే స్టాప్‌కాక్ ఎక్కడుందో వెతికి పెట్టుకో. చాలా ఇళ్ళలో అది వంటింటి సింకు కిందే ఉంటుంది. నువ్వు చూసుకుని, పిల్లలకీ చూపించు.