మోకాలి నొప్పి, శరీరపు బరువు, వ్యాయామము: రైతులు తెలిసికొనవలసిన విషయములు

ఎద్దు కుంటినచో రైతు ఆ పూటనే అరక విప్పి గిట్ట చూచును, మెడ చూచును, వైద్యము చేయించును. తన మోకాలు పట్టుకొన్నచో మాత్రము “వయసు మీద పడినది” అని ఏండ్ల తరబడి ఓర్చుకొనును. నొప్పులన్నియు వయసు వలననే కలుగవు. శరీరపు బరువు, కండల బలము, కదలిక అనునవి మూడును మన చేతిలోనివి. వీటిని గూర్చి తెలియజేయుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

నేను చేసిన పొరపాటు

మా నాన్నగారు సూర్యాపేట జిల్లా రైతు. 2023 ఏప్రిల్‌లో వారిని హైదరాబాదులో తార్నాక వద్ద గల మా ఇంటికి తీసికొని వచ్చితిని. అప్పటికి వారి వయసు 63 ఏండ్లు, ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. “కూసుంటే లేవనైతలేదు బిడ్డా” అనుటయే వారి ఫిర్యాదు. నారుమడి వద్ద కూర్చొనలేకపోవుట చేత పొలము కౌలుకిచ్చు ఆలోచన కూడ చేసిరి.

అంతకు రెండేండ్ల ముందు నొప్పి మొదలైనపుడు “మీరు కష్టపడవద్దు, కూర్చొనుడు” అని సలహా యిచ్చినది నేనే. నాన్నగారు కూర్చొనిరి. ట్రాక్టరు దుక్కి దున్నెను, మోటారు నీరు పెట్టెను, పొలమునకు పోవుటకు మోటారు సైకిలు ఉండెను. తిండి మాత్రము అరక దున్ననాటి తిండియే. బరువు పెరిగినది, తొడ కండలు సన్నగిల్లినవి, నొప్పి ఎక్కువైనది. పైరుల విషయములో పరీక్షింపక సలహా చెప్పని నేను తండ్రి విషయములో తెలియక చెప్పితిని.

మోకాలిపై ఎంత భారము పడును?

నడచునపుడు మోకాలిపై పడు ఒత్తిడి శరీరపు బరువు కంటె కొన్ని రెట్లు ఎక్కువ. అమెరికాలో అధిక బరువు, మోకాలి అరుగుదల గల 142 మందిని పరీక్షించి 2005లో ప్రచురించిన పరిశోధన ప్రకారము, ఒక కిలో బరువు తగ్గినచో ప్రతి అడుగులో మోకాలిపై సుమారు 4 కిలోల భారము తగ్గును.

రైతు లెక్కలో చూతము. కిలోమీటరు నడకలో ఒక్కొక్క కాలు సుమారు 700 మారులు నేలపై పడును. ఒక కిలో తగ్గినచో 700 × 4 = 2,800 కిలోలు, అనగా 28 క్వింటాళ్లు. 50 కిలోల బస్తాలు 56! కిలోమీటరు నడచులోపల ఒక మోకాలికి తప్పిన మొత్తము భారమిది.

అదే దేశములో 1992లో వెలువడిన మరియొక పరిశోధనలో, పదేండ్ల కాలములో సుమారు 5 కిలోలు తగ్గిన స్త్రీలలో మోకాలి అరుగుదల వచ్చు అవకాశము సగమునకు పైగా తగ్గినట్లు తేలినది. కావున నొప్పి వచ్చిన పిమ్మటనే కాక, రాకముందును బరువు అదుపు మేలు చేయును.

భారమొక్కటే కారణము కాదు. అధికమైన కొవ్వు నుండి వాపును కలిగించు పదార్థములు రక్తములో చేరును. బరువు మోయని చేతివేళ్ల కీళ్లు కూడ స్థూలకాయులలో నొప్పి పెట్టుటకు ఇది ఒక కారణము.

కదలిక ఎందుకు అవసరము?

ఎముకల చివర నున్న నున్నని మృదులాస్థికి రక్తనాళములు లేవు. కీలులోని జిగట ద్రవమే దానికి ఆహారము. అడుగు వేసినపుడు మృదులాస్థి నొక్కుకొని, కాలు ఎత్తినపుడు తిరిగి పొంగి ఆ ద్రవమును పీల్చుకొనును. కదలనిచో ఈ పోషణ తగ్గును. తిరుగని బండి ఇరుసుకు కందెన పట్టనట్లే కదలని కీలు బిగిసికొనిపోవును. ఇక తొడ ముందరి కండలు బలముగా నున్నచో మోకాలికి తగులు అదురును అవి కొంత భరించును.

“మేము పొలములో కష్టపడుచునే యున్నాము గదా, వ్యాయామమేల?” అని మీరు అడుగవచ్చును. ఇది సరియైన ప్రశ్న. కాని నాట్లు, కలుపు, కోత పనులలో శరీరము గంటల కొలది ఒకే వంపులో నుండును. నడుము అలసిపోవును, తొడలకు తగిన పని యుండదు. అదియును గాక, ఏడాదిలో కొన్ని నెలలు పని మిక్కుటము, కొన్ని నెలలు విశ్రాంతి. వేసవి అంతయు కొట్టములో కట్టివేసిన ఎద్దును ఏరువాకనాడే సాయంత్రము దాక దున్నించు రైతు లేడు. మన శరీరమును మాత్రము మృగశిర కార్తెలో హఠాత్తుగా పనిలోనికి దింపుచున్నాము. రోహిణి కార్తె నుండియే చల్లనివేళ నడక, కండల వ్యాయామము మొదలుపెట్టవలెను.

బరువు ఎక్కువో తక్కువో ఎట్లు తెలియును?

బరువును కిలోలలోను, ఎత్తును మీటర్లలోను తీసికొనుడు. ఎత్తును ఎత్తుతో గుణించి, వచ్చిన దానితో బరువును భాగింపుడు. భారతీయులకు 18.5 నుండి 23 లోపల తగిన బరువు. 23 దాటిన అధికము, 25 దాటిన స్థూలకాయము. 18.5కు తక్కువైన వారు బరువు తగ్గరాదు. వారికి కావలసినది మంచి తిండి, కండ బలము. నాన్నగారి లెక్క: 78 ÷ (1.65 × 1.65) = 28.7. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకుండవలెను.

ఆహారము

మా ఇంటికి దగ్గరలోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ గలదు. 1918లో కూనూరులో సర్ రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ఈ పేరు పొందినది. ఈ సంస్థ వారు 2024 మే నెలలో 17 ఆహార సూత్రములను ప్రకటించిరి. 2,000 కిలో కాలరీల దినమునకు వారు చూపిన కొలతలివి:

ధాన్యములు, చిరుధాన్యములు – 250 గ్రాములు
పప్పులు లేక గ్రుడ్లు, మాంసము – 85 గ్రాములు
ఆకుకూరలతో సహా కూరగాయలు – 400 గ్రాములు
పండ్లు – 100 గ్రాములు
గింజలు – 35 గ్రాములు
పాలు లేక పెరుగు – 300 మిల్లీలీటర్లు
నూనె, నెయ్యి – 27 గ్రాములు

ఇవి వండకముందటి తూకములు. కాయకష్టము చేయువారికి ఇంతకు ఎక్కువ కావలెను. పని లేని నెలలలో ఎక్కువ తినరాదు. మనలో అనేకుల పళ్లెములో అన్నము కొండంత, పప్పు చెంచాడు. దీనిని సరిచేయుటయే మొదటి మెట్టు. టీలో పంచదార, నూనె పిండివంటలు, మద్యము తగ్గింపుడు. ఉపవాసములతో త్వరగా తగ్గినచో కండ కూడ కరగిపోవును. వారమునకు అర కిలోకు మించి తగ్గవద్దు.

వ్యాయామ విధానము

1. కుర్చీలో కూర్చొని ఒక కాలు తిన్నగా చాచి 5 లెక్కించువరకు నిలిపి దింపుడు. ఒక్కొక్క కాలికి 10 మారులు.
2. చేతుల ఆసరా లేకుండ కుర్చీ నుండి లేచి, మెల్లగా కూర్చొనుడు. మొదట 5, పిమ్మట 10 మారులు.
3. గోడ పట్టుకొని మడమలు పైకెత్తి దింపుడు. 10 మారులు.
4. నడక మొదట 10 నిమిషములు. క్రమముగా 30 నిమిషములకు, వారమునకు 5 దినములకు పెంచుడు.

కొద్దిపాటి నొప్పి ఉన్నను మానవద్దు. మరునాటికి కూడ నొప్పి హెచ్చుగా నున్నచో సగము తగ్గింపుడు.

వైద్యునికి చూపవలసిన సందర్భములు

కీలు ఎఱ్ఱబడి వేడిగా వాచి జ్వరము వచ్చినను, క్రిందపడిన పిమ్మట కాలు మోపలేకున్నను, నడుము నొప్పితో కాలు మొద్దుబారినను, మూత్రము ఆగకున్నను ఆలస్యము చేయరాదు. అనేక కీళ్లు ఉదయము గంటకు పైగా బిగిసియుండుట వేరొక వ్యాధికి గుర్తు కావచ్చును. ఊరిలో నొప్పి సూదులు, బిళ్లలు వైద్యుని సలహా లేకుండ వాడినచో కడుపు, మూత్రపిండములు చెడును.

నల్లగొండ, ప్రకాశము వంటి ప్రాంతముల రైతులు మరియొక సంగతి గుర్తుంచుకొనవలెను. నీటిలో ఫ్లోరైడు ఎక్కువైన చోట్ల మెడ, వెన్ను, కీళ్లు బిగిసికొనిపోవును. పొదిలి, దర్శి ప్రాంతములలో ఈ వ్యాధిని 1937లోనే గుర్తించిరి. అది బరువు తగ్గించిన పోవునది కాదు. త్రాగు నీటిని పరీక్ష చేయించి మంచి నీరు త్రాగవలెను.

ఫలితము

వైద్యునికి చూపించిన పిమ్మట నాన్నగారు, నేను ఉదయము ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో చెట్ల నీడను నడువసాగితిమి. మొదటి దినమున పది నిమిషములలో రెండు మారులు కూర్చొనిరి. రెండు నెలలకు ఆర్ట్స్ కళాశాల రాతి భవనము దాక ఆగకుండ వచ్చిరి. ఊరికి పోయియు మానలేదు. పది నెలలలో 6 కిలోలు తగ్గిరి. అనగా అడుగు అడుగుకు మోకాలికి సుమారు 24 కిలోల భారము తప్పినది.

అరిగిన మృదులాస్థి తిరిగి పెరుగలేదు. నేటికిని వారు నేలపై గొంతుకూర్చొనలేరు, నారుమడి వద్ద ముక్కాలిపీట వేసికొందురు. కాని పొలము కౌలుకీయలేదు. దూరపు గట్టు దాక తామే నడచి మడవ తిప్పుకొనుచున్నారు.

రైతు సోదరులారా! మీ ఇంటి పెద్దలకు నొప్పి యున్నచో “కూర్చొనుడు” అని చెప్పవద్దు. వైద్యునికి చూపించి, బరువు తూచి, ఈ రోజే పది నిమిషములు వారి వెంట నడువుడు.