నిర్మల్ పట్టణము

హైదరాబాదు నుండి నాగపూరునకు పోవు జాతీయ రహదారిపై ఉత్తరముగా ప్రయాణము చేయువారు సోను గ్రామము కడ గోదావరిని దాటుదురు. అచ్చటికి కొలది దూరముననే నిర్మల్ పట్టణము కలదు. ఊరు దాటి ముందునకు సాగినచో బాట మహబూబు ఘాటు మలుపుల వెంట కొండ నెక్కి ఆదిలాబాదు వైపు పోవును. దక్షిణమున నది, ఉత్తరమున అడవితో నిండిన కొండలు, నడుమ పంటపొలములు. ఈ ఉనికియే నిర్మల్ చరిత్రకు మూలము. నది దాటి వచ్చిన బాటసారికి ఇది మజిలీ. కొండ దిగి వచ్చిన గోండు రైతునకు ఇది అంగడి.

నిమ్మనాయుడను పాలకుని పేరు మీదుగా ఊరికి ఈ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. కోటగోడలు, బురుజులు నేటికిని అక్కడక్కడ నిలిచియున్నవి. శ్యామ్‌గఢ్, బత్తీస్‌గఢ్ అనునవి వానిలో ప్రసిద్ధములు. అయితే, కోటల కంటెను మేలైన కట్టడములు ఈ ఊరి చెరువులు. ధర్మసాగరము, ఖజానా చెరువు, కంచరోని చెరువు, బంగల్‌పేట చెరువు మొదలగునవి పట్టణమునకు హారము వలె అమరియున్నవి. ఒక చెరువు నిండి మత్తడి దూకిన నీరు కాలువ వెంట మరొక చెరువును చేరునట్లు పూర్వులు వానిని గొలుసుకట్టుగా త్రవ్వించిరి. అవి పైరునకు, పశువులకు, బావుల ఊటకు ఆధారములైనవి. కోట కట్టినవాని పేరును జనులు మరచిపోవచ్చును. చెరువు నీరు త్రాగినంత కాలము దాని మేలును మరువరాదు.

ఈ ప్రాంతపు గుట్టలలో ఇనుపరాయి దొరకెడిది. అది గోదావరి దాటి కోనసముద్రమునకు పోయి, అచ్చటి కొలుములలో మేలుజాతి ఉక్కుగా మారెడిది. ఆ ఉక్కును పారశీక దేశపు వర్తకులు సయితము వచ్చి కొనిపోయెడివారు. లోకప్రసిద్ధి గాంచిన డమాస్కసు కత్తులకు అట్టి ఉక్కే మూలము.

నిర్మల్ పేరు వినగానే స్మరింపవలసిన వీరుడొకడు కలడు. అతడు రాంజీ గోండు. 1857 నాటి తిరుగుబాటు వార్త గోదావరి తీరమునకు చేరిన పిమ్మట అతడు గోండులను, రోహిల్లాలను ఒక్కటిగా కూర్చి ఆంగ్లేయ సైన్యములను ఎదిరించెను. అడవి వారికి అండగా నిలిచినది. కాని తుపాకుల ముందు ఆ పోరు ఎంతో కాలము సాగలేదు. 1860లో రాంజీని, అతని అనుచరులను నిర్మల్‌లో ఒక మర్రిచెట్టునకు ఉరి తీసిరి. వేయి మంది ప్రాణములు ఆ కొమ్మలపై పోయినవని జనశ్రుతి. అందుచే దానికి ‘వెయ్యి ఉరుల మర్రి’ అను పేరు నిలిచినది. ఆ చెట్టు నేడు లేదు. పేరు మాత్రము చెడలేదు.

ఇంతటి కఠోర చరిత్ర గల ఊరిలోనే సుకుమారమైన బొమ్మలు పుట్టినవి. నిర్మల్ బొమ్మలకు కావలసిన కర్ర పొణికి. అది తేలిక, మెత్తన. ఉలికి చక్కగా లొంగును. నకాషీ పనివారు మొదట కర్రను ఆరబెట్టి, వేరువేరు భాగములుగా చెక్కుదురు. చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపి ముద్ద చేసి, దానితో ఆ భాగములను అతుకుదురు. పిమ్మట తెల్లని పూత పూసి, నునుపు చేసి, తుదకు రంగులు వేయుదురు. పూర్వము ఆకుల నుండి, ఖనిజముల నుండి రంగులు తీసెడివారు. నేడు డ్యూకో రంగులను వాడుచున్నారు. ఇట్లు తయారైన సీతాఫలమును చూచి చేయి చాపని పిల్లవాడు ఉండడు. ఈ ఊరి చిత్రములకును గొప్ప పేరు కలదు.

ప్రభువుల ఆదరణ తగ్గిన తరువాత పనివారు తమకు తామే ఆదరువు కల్పించుకొనిరి. 1955లో సహకార సంఘము ఏర్పడినది. కర్రను సమకూర్చుట, బొమ్మలను అమ్ముట అందరి పనియైనది. నిర్మల్ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అయినను కష్టము తీరలేదు. యంత్రము గంటలో వందల ప్లాస్టిక్ బొమ్మలను పోయును. మనిషి ఒక్క బొమ్మకు దినములు వెచ్చించును. కొనువాడు వెల చూచునే గాని చేతిని చూడడు. అందుచే పనివారి బిడ్డలు కొందరు వేరు వృత్తులకు పోవుచున్నారు. వారిని తప్పుపట్టుట న్యాయము కాదు.

పొణికి చెట్టు కూడ తరుగుచున్నది. అది ఎదుగుటకు ఏండ్లు పట్టును. నరకినంత వేగముగా నాటనిచో ఏ అడవియైనను ఓర్చుకొనదు. అటవీశాఖ ఈ మొక్కలను పెంచుటకు పూనుకొనుట శుభము. చెట్టు లేనిదే బొమ్మ లేదు. బొమ్మ లేనిదే ఆ విద్య నిలువదు.

చెరువుల సంగతియు ఇట్టిదే. 2021 జూలైలో కుంభవృష్టి కురిసి వాగు పొంగగా, పట్టణములోని పల్లపు కాలనీలు నీట మునిగినవి. జనులు ఇండ్లు విడిచి పోవలసి వచ్చినది. నీరు తన దారిని మరువదు. ఆ దారిలో మనము ఇల్లు కట్టుకొన్నచో అది మన ఇంటికి వచ్చును. గొలుసుకట్టులో ఒక్క కాలువ పూడినను కడమ చెరువులన్నియు ఆ ఫలము ననుభవించును.

నిర్మల్ వీథులలో తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండి భాషలు వినబడును. బతుకమ్మ పండుగకు స్త్రీలు తంగేడు, గునుగు పూలతో చెరువుగట్టునకు చేరుదురు. పీరీల పండుగను, వినాయక చవితిని ఒకే వీథిలోనివారు జరుపుకొందురు. ఈ పట్టణము 1948 సెప్టెంబరు వరకు నిజాము ఏలుబడిలో నుండెను; 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లా కేంద్రమైనది. జిల్లా కార్యాలయములు, క్రొత్త రహదారులు పెరుగుట మంచిదే. కాని చెరువును, చెట్టును, చేతిపనిని కాపాడుకొనుట ఏ ఒక్క అధికారి వలనను కాదు. చెరువులో చెత్త వేయనివాడు, ఇంటి ముందు ఒక మొక్క పెంచువాడు, పండుగకు ఒక కొయ్యబొమ్మ కొనువాడు ఊరికి సేవ చేసినవాడే. విద్యార్థులారా! మీ ఊరిలో ఎన్ని చెరువులున్నవో, వాని నీరు ఎచ్చటికి పోవునో ఈ సెలవులలో పెద్దల నడిగి తెలిసికొనుడు.

ప్రశ్నలు

1. నిర్మల్ ఉనికి దాని చరిత్రకు ఎట్లు మూలమైనది?
2. నిర్మల్ బొమ్మను తయారుచేయు విధమును వివరింపుము.
3. గొలుసుకట్టు చెరువులనగా నేమి? వాని వలన ప్రయోజనము లేవి?
4. బొమ్మల పనివారి బిడ్డలు వేరు వృత్తులకు పోవుట న్యాయమేనా? నీ అభిప్రాయమును కారణములతో వ్రాయుము.