కుక్కల కండ్లలో కన్నీరు ఎండుట – చుక్కల మందు వాడు విధము

రాజంపేట చుట్టుపట్ల మామిడి తోటలకును, కొండవారన మేయు జీవాల మందలకును కుక్కయే కాపలా. దాని కండ్లు ఎర్రబడి, తీగవలె సాగు పుసి కట్టినచో “ఎండవేడి” అని చాలమంది ఊరకుందురు. అన్నివేళల అది వేడి కాదు. కన్నీరు చాలినంత ఊరకపోవుట కావచ్చును. ఉపేక్షించినచో చూపు పోవును.

కన్నీరు ఒట్టి నీరు కాదు. పైన పలుచని నూనె పొర, నడుమ నీరు, అడుగున జిగురు ఉండును. నీటిని పైరెప్ప చాటునగల గ్రంథియు, ముక్కువైపు మూలలో దాగియుండు మూడవ రెప్ప గ్రంథియు ఊరించును. నీరు తగ్గినచో జిగురు మిగిలి పుసియగును. తడిలేని నల్లగుడ్డు మెరుపు తగ్గును. దానిపై ఎర్రని నరములు ప్రాకి, కడకు నల్లని మచ్చ కమ్మును.

కుక్కలలో ఎక్కువగా ఒంటిలోని రక్షణశక్తియే దారితప్పి ఈ గ్రంథులను దెబ్బతీయును. డిస్టెంపరు వ్యాధియు, సల్ఫా మందులును కూడ కారణములే. కనుక విరేచనములకు సల్ఫా మాత్రలు వాడియుండినచో ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను. కొన్ని కుక్కలకు మూడవ రెప్ప గ్రంథి ఎర్రని పండువలె వెలికి వచ్చును. దానిని కోసివేయించరాదు, లోనికి త్రోసి కుట్టింపవలెను. కోసినచో ఊటబావిని మన చేతులతో పూడ్చుకొన్నట్లే.

జబ్బును తేల్చు పరీక్ష సులభము. 1903లో జర్మను వైద్యుడు షిర్మర్ మనుష్యులకై చెప్పిన పద్ధతి యిది. సన్నని కాగితపు పట్టీని క్రిందిరెప్పలో ఒక నిమిషముంచి, ఎంత తడిసినదో కొలుతురు. 15 మిల్లీమీటర్లు దాటిన మంచిది, 10కి లోబడిన జబ్బు. పరీక్షకు ముందు కంటిలో చుక్కలు వేయరాదు, కడుగరాదు, కొలత తప్పును. దగ్గరి ఆసుపత్రిలో పట్టీలు లేనిచో, 1955లో తిరుపతిలో నెలకొన్న పశువైద్య కళాశాలకు తీసికొనిపోవచ్చును.

అంగడిలో దొరకు కృత్రిమ కన్నీటి చుక్కలు తడినిచ్చునే గాని ఊటను పెంచవు. ఊటను పెంచునది సైక్లోస్పోరిన్. మూత్రపిండములు మార్చినవారికి ఇచ్చు ఈ మందు కుక్క కంటికి పనికివచ్చునని అమెరికాలో జార్జియా విశ్వవిద్యాలయపు రెనీ కాస్వన్ కనుగొనగా, 0.2 శాతపు లేపనమునకు 1995లో అక్కడ అనుమతి లభించెను. దీనిని 12 గంటలకొకసారి వాడుదురు. గుణము కనబడుటకు 4 మొదలు 6 వారములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. పది దినములకే విసిగి మానువారు, కండ్లు తేటపడగానే మానువారు – ఇరువురును నష్టపోవుదురు; చాల కుక్కలకు ఇది జీవితాంతము వాడవలసిన మందు.

ఇంటిలో మిగిలిన చుక్కలను మాత్రము వేయరాదు. వానిలో స్టెరాయిడు ఉండి, నల్లగుడ్డుపై పుండున్నచో, పుండు లోతై కన్ను చిల్లిపడవచ్చును. అట్రోపిన్ చుక్కలు ఉన్న కన్నీటిని తగ్గించును. జిల్లేడు పాలు కంటిని కాల్చును.

మందుకు ముందు కాచి చల్లార్చిన నీటితో, శుభ్రమైన దూదితో పుసిని తుడువవలెను. వెనుకనుండి కుక్క తలను పట్టి, గడ్డమును పైకెత్తి, సీసా మొన కంటికి తగలకుండ ఒక చుక్క వేయవలెను. రెండవ మందుకు 5 నిమిషములు ఆగవలెను. చుక్కల తరువాతనే లేపనము. కుక్క ఒక్కసారిగా కన్ను మూసికొని తెరువకున్నను, నల్లగుడ్డు తెల్లబడినను ఆనాడే వైద్యునికి చూపవలెను.