సినిమా చదువు: చేరేముందు వేసుకోవలసిన లెక్క



ఈమధ్య మన పిల్లలు కొందరు ప్లస్ టూ కాగానే ఫిల్మ్, వీడియో ప్రొడక్షన్ చదువుతామంటున్నారు. పెద్దలు "సినిమా పిచ్చి" అని కొట్టిపారేస్తారు. 2019లో మా అన్నయ్య కొడుకు అడిగినప్పుడు నేనూ అదే మాట అన్నాను. అది పిచ్చి కాదనీ, కష్టపడి నేర్చుకోవలసిన పని అనీ తరువాత తెలిసింది. అయితే లెక్క చూసుకోకుండా చేర్పించి మేము ఇబ్బంది పడ్డాము. మీరు పడకూడదని ఈ నాలుగు మాటలు.

ఏమి నేర్పుతారు?

చదువు మూడు భాగాలు. షూటింగుకు ముందు కథ, స్క్రిప్టు, బడ్జెట్, షెడ్యూలు. షూటింగులో కెమెరా, లైటింగు, సౌండు. తరువాత ఎడిటింగు, డబ్బింగు, రంగులు సరిచేయడం. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన అయిదు నిమిషాల చిత్రానికి 7,200 ఫ్రేములు. ఓపిక లేనివారికి ఈ చదువు పనికిరాదు. కామర్సు పిల్లలకూ ఇందులో చోటుంది. ప్రతి చిత్రానికీ ఖర్చు లెక్కలు రాసేవారు కావాలి కదా!

ఎక్కడ?

పుణె ఎఫ్.టి.ఐ.ఐ. (1960), కోల్‌కతాలోని సత్యజిత్ రే సంస్థ (1995) కేంద్ర ప్రభుత్వానివి. అక్కడి ప్రధాన కోర్సులకు డిగ్రీ ఉండాలి. చెన్నై తరమణిలోనూ, కటక్‌లోనూ రాష్ట్ర ప్రభుత్వ సంస్థలున్నాయి. ముందు వీటికి ప్రయత్నించండి. సీట్లు తక్కువ గనుక చాలామంది ప్రైవేటు విశ్వవిద్యాలయాలకు వెళ్తున్నారు. అలా వెళ్లేవారు ఈ ప్రశ్నలకు జవాబులు కాగితం మీద తీసుకోండి:

1. విశ్వవిద్యాలయం పేరు యు.జి.సి. జాబితాలో ఉందా? ఇచ్చేది డిగ్రీయా, సర్టిఫికెట్టా?
2. ఎంతమందికి ఒక కెమెరా? ఎడిటింగు గది ఎన్ని గంటలు దొరుకుతుంది?
3. ప్రాజెక్టు చిత్రాల ఖర్చు ఎవరిది?

మూడో ప్రశ్న మేము అడగలేదు. రెండో ఏడాదిలో ఆ ఖర్చంతా విద్యార్థిదేనన్నారు. మా వదిన గాజులు తాకట్టుకు వెళ్లాయి.

అప్పు లెక్క

ఏడాదికి రూ. 2,50,000 చొప్పున మూడేళ్ల ఫీజుకు అప్పు తీసుకున్నారనుకోండి. వడ్డీ 10 శాతం. సాధారణంగా చదువు ముగిసిన ఏడాది వరకు వాయిదాలు ఉండవు, కానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. బారువడ్డీ లెక్కన మొదటి విడతకు నాలుగేళ్లకు రూ. 1,00,000; రెండో దానికి మూడేళ్లకు రూ. 75,000, మూడో దానికి రెండేళ్లకు రూ. 50,000. వాయిదాలు మొదలయ్యేనాటికి బాకీ రూ. 9,75,000. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు రూ. 12,900 కట్టాలి. ఈ రంగంలో మొదటి జీతం చిన్నదే. కనుక వీలైనవారు చదువుకునే రోజుల్లోనే వడ్డీ కట్టండి. మొదటి ఏడాది అది నెలకు రూ. 2,100 లోపే.

యు.జి.సి. 2018 ప్రకటన ప్రకారం ప్రవేశాల ఆఖరు తేదీకి 15 రోజుల ముందే మానుకుంటే ప్రాసెసింగు చార్జీ పోను కట్టిన ఫీజంతా తిరిగి రావాలి. ఆ తేదీ దాటి 30 రోజులైతే ఏమీ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వారు అట్టేపెట్టుకోకూడదు.

చివరగా

మావాడు ఇప్పుడు ఎడిటరు. మొదట పెళ్లి వీడియోలు కోశాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, హిందీ వచ్చినందున డబ్బింగు, సబ్‌టైటిళ్ల పని దొరికింది. సరిహద్దుల్లో పుట్టిన మన పిల్లలకు ఆ మూడు భాషలే మూలధనం. గాజులు పోయిన ఏడాది విడిపించి వాడే వాళ్ల అమ్మ చేతికి తొడిగాడు.

పిల్లల ఇష్టాన్ని కాదనకండి. లెక్కను మాత్రం వాళ్లతో కలిసి కూర్చుని వేయండి.