నిలిచియుండు తోట

వరి, చోడి వంటి పైరులు కోతతో ముగియును. ఏండ్ల తరబడి బ్రతుకు మొక్కలను బహువార్షికములందురు. వీనిని పెరటిలో నాటువారు నేటి మొక్కను చూచుచునే రేపటి చెట్టును ఊహింపవలెను.

ఈ నేర్పును అరకులోయలో చూడవచ్చును. తూర్పు కనుమలలో సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఈ లోయ కలదు. ఇచ్చటి గిరిజన రైతులు వాలునేలలలో కాఫీని పెంచుచున్నారు. అరబికా కాఫీ ఇథియోపియా అడవులలో పెద్దచెట్ల నీడను పుట్టిన మొక్క. తీవ్రమైన ఎండ కోర్వలేదు. కావున ముందుగా పనస, సిల్వర్ ఓక్ వంటి నీడచెట్లను పెంచెదరు. పిదప వానకాలమున, ప్రతి దిక్కున 45 సెంటీమీటర్లు ఉండునట్లు త్రవ్విన గుంటలలో కాఫీ మొక్కలను నాటెదరు. సిల్వర్ ఓక్ మ్రాను బలపడిన తరువాత దాని ఉత్తరపు ప్రక్కన మిరియపు తీగను నాటి పైకి ప్రాకించెదరు. దక్షిణపుటెండ లేతతీగను మాడ్చకుండుటకే ఈ జాగ్రత్త.

కాఫీ కాపునకు మూడు నాలుగేండ్లు పట్టును. పేద కుటుంబమునకు ఈ నిరీక్షణ సులభము కాదు. తొందరపడి నీడచెట్లను నరికినచో కాఫీ వడలును. వాననీటికి వాలుమీది మట్టి కొట్టుకొనిపోవును. ఓపికపట్టినచో ఒకే నేల కాఫీని, మిరియమును, పనసను ఇచ్చును. అట్టి ఓపిక ఫలించి, 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది.

మొక్క నాటగోరు విద్యార్థి మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది ఎంత పెరుగును? ఎంత ఎండ కోరును? దీని ప్రక్కన ఏది బ్రతుకును? ఉత్తరము తెలిసిన పిమ్మటనే గుంట త్రవ్వవలెను.