వరిగట్లలోని పందికొక్కు

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల వరిగట్లను తొలుచు ఎలుకలలో చిన్న పందికొక్కు ముఖ్యమైనది. దీని ముట్టె మొద్దుగా నుండును; తోక శరీరముకంటె పొట్టి. రాత్రులందు సంచరించును. నీటిలో చక్కగా ఈదును గనుక, చేలో నీరు నిలిపినంతమాత్రమున పైరు దక్కునని రైతు నమ్మరాదు.

ఒక్కొక్క బొరియలో సాధారణముగా ఒక్క పెద్ద ఎలుకయే యుండును. ఆడుదైనచో పిల్లలును ఉండును. చూలుకాలము ఇంచుమించు 23 దినములు. ఈతకు ఆరేడు పిల్లలు సామాన్యము. ఆ పిల్లలే కొలది మాసములలో మరల ఈనును. పైరు పొట్టకు వచ్చినప్పటినుండి సంతానము హెచ్చును. కాబట్టి నాట్లయిన కొలదిదినములకే చంపిన ఒక్క ఆడు ఎలుక, కోతలనాడు చంపిన పదింటితో సమానము.

పిలకలను ఏటవాలుగా కొరికివేయును. వెన్నులు పండిన పిదప వానిని త్రుంచి బొరియలోని అరలలో దాచును. కోతలైన పిదప గట్లు త్రవ్వి ఆ ధాన్యమును తీసికొనువారు పూర్వమునుండియు గలరు. అది దొరికినంతమట్టుకే లెక్క. కొరికి పారవైచినది ఎవరి లెక్కకును రాదు.

సాయంకాలము కన్నములన్నియు మట్టితో మూయవలెను. మరునాటి ఉదయమున తెరచియున్నవానిలోను, కొత్తమట్టి తోడియున్నవానిలోను ఎలుక యున్నట్లు గ్రహింపవలెను. తక్కిన ద్వారములు గట్టిగా మూసి, అడుగున రంధ్రముగల కుండలో ఎండుగడ్డి కాల్చి పొగ పట్టింపవలెను. విషపుటెరను కొంచెము తిని బ్రతికిన ఎలుక దానిని తిరిగి ముట్టదు. పొగకు ఆ చిక్కు లేదు.

చేనిని ఆనుకొనియున్న కొబ్బరితోట గట్టును, కాలువగట్టును విడువరాదు. పొరుగు రైతులందరును ఒకే వారములో ఈ పని చేయనియెడల, ఖాళీయైన బొరియలు పొరుగుచేని ఎలుకలతో త్వరలోనే నిండును.